పిల్లిపీచర సొరుగు మీద నేను రాసిన పేరు

ఆళ్ళగడ్డలో మా అంగడి గురించి ఒక కథ చెప్పుకుంటారు. మూలికల దస్తగిరి కూతురు, పదో తరగతితో బడి మానేసిన పిల్ల, బళ్ళారి నుంచి వచ్చిన మందుల కంపెనీ మనిషిని నంద్యాల గ్రంథాలయానికి రప్పించి, లాటిన్ పేర్ల పుస్తకం ముందు కూర్చోబెట్టి ఒప్పించిందని. ఆ పిల్లను నేనే. కథలో అబద్ధం లేదు, కానీ ఉన్నది సగమే. మిగతా సగం నా నోట విన్న నలుగురిలో ముగ్గురు పోయారు. నాలుగో ఆయన ఎక్కడున్నాడో, ఉన్నాడో లేదో నాకు తెలియదు. పోయిన నెల మా తమ్ముడి మనవరాలు షబానా తన స్నేహితురాళ్ళను ఇద్దరిని ఇంటికి తీసుకొచ్చింది. ముగ్గురూ నంద్యాలలో ఫార్మసీ చదువుతున్నారు. "మా పెద్దజేజికి లాటిన్ వచ్చు" అని మొదలుపెట్టి ఆ కథ చెప్పింది. దాని నోట్లో ఆ ఒక్క మనిషీ ముగ్గురు డాక్టర్లయ్యారు. నేను టీ గ్లాసులు కడుగుతూ విన్నాను. వాళ్ళు వెళ్ళిపోయాక చాలాసేపు మనసు కుదురుగా లేదు. ఇప్పుడు రాయకపోతే ఆ సగం కథ నాతోనే పోతుంది. అలా పోతే, మా నాయనకు కాదు, నాకూ కాదు, చెంచు ఈదమ్మకు అన్యాయం జరుగుతుంది. అందుకని రాస్తున్నాను.

మేము దూదేకులవాళ్ళం. మా తాత భుజాన ఏకే విల్లు వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. మిషన్లు వచ్చాక ఆ పని తగ్గింది. మా నాయన ఆళ్ళగడ్డ బస్టాండుకు కొంచెం ఇవతల, గోనెపట్టా పరిచి శొంఠి, కరక్కాయ, పిప్పళ్ళు అమ్మడం మొదలుపెట్టి, నేను పుట్టేనాటికి అంగడి పెట్టుకున్నాడు. ముందు అంగడి, వెనక రెండు గదుల ఇల్లు, ఆ వెనక పెరడు. మా జేజి, అంటే నాయనకు తల్లి, ఫక్కీరమ్మ అంగడికీ ఇంటికీ నడుమ గడపలో కూర్చునేది. దూది ఏకిన ఇంటి కోడలు కాబట్టి ఎవరి బట్టల మీద పోగు కనిపించినా చెయ్యి చాచి పీకేది, కొనడానికి వచ్చినవాళ్ళను కూడా వదిలేది కాదు. కొత్త సరుకు వస్తే మొదట ఆమె కొరకాలి. కొరికి, నాలుక మీద అటూ ఇటూ తిప్పి, పెరట్లోకి పోయి ఉమ్మి, "ఊ" అంటే సంచి లోపలికి వచ్చేది. ఆ "ఊ" లేకుండా నాయన దేన్నీ తూచేవాడు కాదు.

ఆ ఇంటి వాసన గురించి చెప్పాలి. సుగంధిపాల వేళ్ళు వచ్చిన రోజు ఇల్లంతా తియ్యగా ఉండేది. వస వచ్చిన రోజు అన్నం కూడా వస వాసనే. గురువారం పొద్దున నాయన సాంబ్రాణి వేసి, ఆ పొగను అంగట్లోంచి పెరటి దాకా తిప్పితే మిగిలినవన్నీ ఒక పూట వెనక్కి తగ్గేవి. నా ఓణీలు ఎన్నిసార్లు ఉతికినా వస వాసన పోయేది కాదు. బడిలో పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది. పదో తరగతి అయ్యాక ఇంట్లో మనిషి అవసరమై బడి మానేసినప్పుడు నేను ఏడవలేదని అందరూ ఆశ్చర్యపోయారు. ఆ ముక్కు మూసుకునే పిల్లను మళ్ళీ చూడనక్కర్లేదనే సంతోషం కొంత ఉండింది, నిజం చెప్పాలంటే.

అంగట్లో నా పని పొట్లాల కాగితం చించడం. పాత పుస్తకాలు, పరీక్ష పేపర్లు కట్టలుగా వచ్చేవి. చించే ముందు చదివేదాన్ని. చదవకుండా చించితే ఏదో తప్పు చేస్తున్నట్టు ఉండేది. అలా ఒకరోజు అట్ట లేని ఒక మొక్కల పుస్తకం చేతికి వచ్చింది. ఇంగ్లీషు పుస్తకం. ఎవరో చదువుకున్నాయన ప్రతి పేరు పక్కనా పెన్సిల్‌తో తెలుగు పేరు రాసుకున్నాడు. ఉసిరిక అని రాసి ఉన్నచోట ఎంబ్లికా అఫిసినాలిస్ అని అచ్చు. అల్లం పక్కన జింజిబర్ అఫిసినేల్. మా సొరుగుల్లో ఉన్న సరుకుకు ఇంకో పేరు ఉందని, అది ఏ దేశంలో చెప్పినా ఒకటేనని నాకు మొదటిసారి తెలిసింది ఆ చినిగిన కాగితాల్లోనే. ఆ పుస్తకాన్ని నేను పొట్లాలకు ఇవ్వలేదు. బియ్యం డబ్బా వెనక దాచుకున్నాను. ఎలుకలు కొంత తిన్నాయి, నేను కొంత తిన్నాను.

నాయన నెలకోసారి సరుకుకు నంద్యాల వెళ్ళేవాడు. నన్నూ తీసుకుపొమ్మని పట్టుబట్టాను. బజారు పని అయ్యేదాకా గ్రంథాలయంలో కూర్చోబెట్టేవాడు. ముందు హాల్లో దినపత్రికలు చదివే మగవాళ్ళు, వాళ్ళ మీదుగా పెద్ద చప్పుడుతో తిరిగే ఫ్యాన్లు, లోపలి గదిలో అద్దాల బీరువాల్లో ఇంటికి ఇవ్వని లావుపాటి పుస్తకాలు. గ్రంథపాలకుడు సుబ్బరాయుడు సారు ఆ బీరువాల తాళంచెవి జంధ్యానికి కట్టుకునేవాడు. మొదటిరోజు నేను దగ్గరికి వెళ్ళగానే ఆయన ముక్కు ఎగబీల్చాడు. ఇక్కడా అదే వరస అనుకున్నాను. "వస కదూ. చిన్నప్పుడు మా అమ్మ అరగదీసి నాకేది. చేతులు కడుక్కుని రామ్మా, పుస్తకాలకు అంటుకుంటే చీమలు రావు గానీ చదివేవాళ్ళకు ఆకలేస్తుంది" అన్నాడు. ఆ రోజు నుంచి కొళాయి దగ్గర చేతులు కడుక్కుని, ఓణీకి తుడుచుకుని, ఆయనకు రెండు వైపులా చూపించి లోపలికి వెళ్ళడం నాకు ఒక నియమం అయిపోయింది.

అక్కడ చదివే కొద్దీ అఫిసినాలిస్ అనే మాట నాకు పదే పదే ఎదురయ్యేది. మనకు నోరు తిరగని విదేశపు మొక్కలెన్నో ఉన్నాయి, వాటిలో మందుకు పనికొచ్చేవి చాలావాటికి పేరు చివర అఫిసినాలిస్. ఆ మాటకు అర్థం ఎక్కడా రాసి లేదు. రాసినవాళ్ళకు అది తెలిసిన సంగతి కాబట్టి చెప్పాల్సిన పని లేదనుకుని ఉంటారు. నేనే ఊహించుకున్నాను. డాక్టర్ల బోర్డు మీద పేరు వెనక అక్షరాలు ఉంటాయి కదా, అలాగే మొక్కల్లో బాగా చదువుకున్నవాటికి, అంటే పెద్ద పరీక్ష నెగ్గిన మందు మొక్కలకు, ఇచ్చే పట్టా ఇది అని. అల్లానికి చివర అఫిసినేల్ అని తేడాగా ఉంటే, దానికి కొన్ని మార్కులు తగ్గి ఉంటాయనుకున్నాను. ముందున్న పేరుకు తగినట్టు తోక మారుతుందని, రెండూ ఒకే మాటని తెలియడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది.

మా అంగట్లో నలభై ఎనిమిది సొరుగుల బీరువా ఉండేది. దేని మీదా పేరు లేదు. శొంఠి ఎక్కడ అంటే నాయన "రెండో వరస, నా మోకాలి కాడ" అనేవాడు. పాత పెళ్ళిపత్రికల అట్ట వెనకవైపు కత్తిరించి, నల్ల సిరాతో పైన తెలుగు పేరు, కింద లాటిన్ పేరు రాసి అంటించడం మొదలుపెట్టాను. నాయనకు చదువు రాదు, అయినా ప్రతి అట్టనూ చేత్తో తడిమి చూసేవాడు. వచ్చినవాళ్ళకు చూపించేవాడు. జేజి మాత్రం గడపలోంచి, "ఏందిమే అది, అల్లానికేం రాసినావు?" అంది.

"దానికి పట్టా ఉంది జేజీ. పెద్ద మందని అర్థం."

"అల్లం గూడా పాసైందా. నువ్వే పదితో నిలిచిపోతివి గదే" అంది. అంగట్లో ఉన్న నలుగురూ నవ్వారు. నేను కూడా నవ్వాను గానీ ఆ మాట లోపల ఎక్కడో పట్టుకుంది. ఆ తర్వాత రాసిన అట్టల్లో నేను ఎన్ని అఫిసినాలిస్‌లు ఉన్నాయో లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను. నాలుగే వచ్చాయి. తక్కువ అనిపించింది.

ఇక పిల్లిపీచర. శతావరి అని కూడా అంటారు. తీగ కింద వేళ్ళు వేలెడంత లావున గుత్తిగా దిగి ఉంటాయి. బాలింతలకు, బలానికి ఇచ్చే మందు. నేను బియ్యం డబ్బా వెనక దాచుకున్న పుస్తకంలో దాని పేరు ఆస్పరాగస్ రేసిమోసస్ అని స్పష్టంగా ఉంది. నంద్యాలలో చదివిన ఇంకో పాత పుస్తకం విదేశపు మందుల గురించినది. అందులో ఆస్పరాగస్ అఫిసినాలిస్ అని ఉంది, దాని వేరు కూడా మందేనని ఉంది. అన్నదమ్ముల్లాంటి రెండు మొక్కలు. ఏది మా సొరుగులో ఉందో నాకు తెలుసు. తెలిసే, పట్టా ఉన్న పేరు రాశాను. మా అంగట్లో ఐదో అఫిసినాలిస్ అది. అక్షరాలు మిగతావాటికంటే గుండ్రంగా, శ్రద్ధగా రాశాను. ఊళ్ళో చెప్పుకునే కథలో లేని సగం ఇక్కడే మొదలవుతుంది.

పిల్లిపీచర మాకు తెచ్చేది ఈదమ్మ. రుద్రవరం అవతల నల్లమలలో వాళ్ళ గూడెం. చలికాలంలో, వేళ్ళు బాగా ఊరాక, ఆమె, ఆమె మరిది, ఇద్దరు కోడళ్ళు కలిసి తవ్వి, సంచులు కట్టి, అడవి అంచు దాకా మోసి, అక్కడ బస్సు మీద వేసుకుని వచ్చేవాళ్ళు. తెచ్చి దింపి పోవడం కాదు, మా పెరట్లో నాలుగైదు రోజులు పని ఉండేది. వేళ్ళను కాసేపు ఉడకబెట్టి, పైతోలు ఒలిచి, నడిమి నారను లాగేసి, ఎండబెట్టాలి. ఈదమ్మ మాట్లాడుతూనే ఒక్క లాగుతో నారను తీసేది. నేను లాగితే తెగేది. "గట్టిగ పట్టుకోగాకు పాపా, అదే వస్తాది, దానికీ బయటికి రావాలనే ఉంటాది" అనేది. జేజీ ఆమే ఒకే వక్క రెండుగా కొరికి పంచుకునేవాళ్ళు. ఆ ఏడు ఆమె పద్నాలుగు సంచులు తెచ్చింది. ఎప్పుడూ అంత తేలేదు. బళ్ళారి మందుల కంపెనీ తరఫున కొనడానికి తిరిగే శివలింగప్ప ముందే చెప్పాడు, ఎంత ఉంటే అంత తీసుకుంటానని. ఆ మాట నమ్మి నాయన ఈదమ్మకు చెప్పాడు, నాయన మాట నమ్మి వాళ్ళు ఆ చలికాలం వేరే పనికి పోకుండా తవ్వారు.

శివలింగప్ప వచ్చిన రోజు వేళ్ళు చాప మీద తెల్లగా ఎండుతున్నాయి. అంగట్లో నిలబడి టీ తాగుతూ సొరుగుల మీది పేర్లు ఒక్కొక్కటి చదివాడు. చదువుకున్న మనిషి. ఒకచోట ఆగాడు.

"ఏమప్పా దస్తగిరీ, ఈ పిల్లిపీచర యాడిది?"

"ఏటా నువ్వు కొనేదేప్పా. ఈదమ్మ తెచ్చినది."

"సొరుగు మీద అఫిసినాలిస్ అని ఉండాది. మాకు కావాల్సింది రేసిమోసస్. రెండూ వేరే వేరే. సంచుల మీద పేరు రాసి పంపాల్సింది నేను. మా డాక్టరు చూసినాడంటే సంచులు వెనక్కి పంపుతాడు, నన్ను ఇంటికి పంపుతాడు."

నాయన ఆ అట్టను చేత్తో తడిమాడు. "నా బిడ్డ నంద్యాలలో పుస్తకాలు చూసి రాసిందిప్పా. పేర్లో తప్పుండదు" అన్నాడు.

"పేర్లో తప్పు లేకుంటే గడ్డలో తప్పుండాల."

పెరట్లో ఈదమ్మ చేతులు ఆగాయి. లేచి, తోలు అంటుకున్న చేతులతోనే అంగట్లోకి వచ్చింది. "ఏందప్పా అంటాండావ్? గడ్డ తప్పా?"

"నాకేం తెలుసమ్మా. అడివిలో ఎన్ని గడ్డలుంటాయో. దొరికింది దొరికినట్టు కలిపితే నేనెట్లా కనుక్కునేది?"

ఈదమ్మ రెండు చేతులూ ముందుకు చాపింది. మోచేతుల దాకా సన్నటి గీతలు. "ఇవి చూడు. నన్ను గీకిన తీగె ఏదో నాకు తెలీదంటావా? దస్తగిరన్నా, నువ్వు చెప్పు."

నాయన ఆమె చేతుల వంక చూశాడు, అట్ట వంక చూశాడు. "పాప రాసింది తప్పుండదు. నువ్వు తెచ్చింది గూడా తప్పుండదు. రెండూ యాడ కలుస్తాయో నాకు తెలీడంల్యా" అన్నాడు. శివలింగప్ప గ్లాసు కింద పెట్టి, ఇంకా రెండు రోజులు నంద్యాలలో పని ఉందని, ఈలోగా తెలిసినవాళ్ళ చేత ఇది ఫలానాదని చెప్పిస్తే తీసుకుంటానని, లేకపోతే లేదని చెప్పి వెళ్ళిపోయాడు. ఈదమ్మ మళ్ళీ పెరట్లోకి పోయి కూర్చుంది గానీ వేరు చేతిలోకి తీసుకోలేదు. "ఈ మాట పడినాక ఇంగ ఈ అంగడికి ఎట్లొచ్చేది ఫక్కీరమ్మా" అని జేజితో మాత్రం అంది.

నేను అదంతా తలుపు పక్కన నిలబడి చూశాను. నేను ఒక్క మాట చెబితే అయిపోయేది. నోరు రాలేదు. పరాయివాళ్ళ ముందు, ఎంతో గట్టిగా, "నా బిడ్డ" అన్నాడు నాయన. ఆ మాట కింద నిలబడి, ఆ బిడ్డ గొప్పకు పోయి తప్పు రాసిందని చెప్పడం నా వల్ల కాలేదు. నేను మాట్లాడకపోవడం వల్ల ఆ తప్పు అటు తిరిగి ఈదమ్మ మీద పడిందని నాకు అప్పుడే తెలుసు. తర్వాత ఎప్పుడో తెలిసిందని రాసుకోవచ్చు, కానీ అది నిజం కాదు. ఆ మధ్యాహ్నం జేజి ఒక వేరు తీసుకుని కొరికింది. చాలాసేపు నమిలింది. "పిల్లిపీచరే" అని నా వైపు చూసింది. "కొరికి చూసి కొంటాం గదే. రాసే మాట గూడా ఒగసారి కొరికి చూసుకోవాల."

మరుసటి రోజు పొద్దున నాయనా నేనూ బస్సుకు బయలుదేరుతుంటే ఈదమ్మ కూడా లేచింది. "నా గడ్డ గురించి నేను లేకుండా మాట్లాడుకుంటారా? నేనూ వస్తా." చేతిలో గుడ్డకు చుట్టిన ఎండు తీగె ముక్క ఉంది, సంచి అడుగున దొరికిందట. బస్సులో ఆమె నా పక్కనే కూర్చుంది. నేను కిటికీలోంచి మిరప కళ్ళాలను చూస్తూ, చెప్పాల్సిన మాటను లోపల రకరకాలుగా పేర్చుకుంటూ ఉన్నాను. ఎలా పేర్చినా అదే మాట వచ్చింది.

సుబ్బరాయుడు సారు మమ్మల్ని ముగ్గురినీ చూసి ముందు కొళాయి వైపు చెయ్యి చూపించాడు. ఈదమ్మ మోచేతుల దాకా కడుక్కుంది. నాయన సంగతంతా చెప్పాక ఆయన రెండు లావు పుస్తకాలు తెచ్చి బల్ల మీద బొమ్మలున్న పేజీలు తెరిచి పెట్టాడు. ఏ బొమ్మ కింద ఏ పేరు ఉందో చెప్పవద్దని నాకు కళ్ళతో సైగ చేశాడు. ఈదమ్మ బల్ల అంచు పట్టుకుని వంగి, చాలాసేపు చూసింది. ఆ గదిలో అంత శ్రద్ధగా చదివిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

"ఇదే" అని ఒక బొమ్మ మీద వేలు పెట్టబోయి, తాకకుండా ఆపింది. "ఇది మా పిల్లిపీచర. ఈ ముల్లు చూడు, కిందికి వంగి ఉండాది. చెయ్యి లోపలికి పెడితే ఏం గాదు, వెనక్కి తీసేటప్పుడు పట్టుకుంటాది." గుడ్డ విప్పి ఎండు తీగెను బొమ్మ పక్కన పెట్టింది. ముల్లుకు ముల్లు సరిపోయింది. తర్వాత రెండో బొమ్మ చూసింది. "ఇది యాడిది సారూ? నిలువుగా నిలబడి ఉండాది, ముల్లే ల్యా. దీన్ని తవ్వేదానికి నేనెందుకు, ఎవురైనా పీక్కోవచ్చు."

మొదటి బొమ్మ కింద రేసిమోసస్ అని ఉంది. రెండో దాని కింద అఫిసినాలిస్. సుబ్బరాయుడు సారు ఆ రెండు పేర్లూ పైకి చదివాడు. నాయన నా వైపు తిరిగాడు. అప్పుడు చెప్పాను. రెండు పేర్లూ ముందే చూశానని, ఏది సరైనదో తెలుసునని, సొరుగు గొప్పగా కనబడాలని రెండోది రాశానని.

"తెలిసే రాసినావా?" అన్నాడు నాయన.

"తెలిసే నాయనా."

"నిన్న ఎందుకు చెప్పల్యా?"

"నువ్వు నా బిడ్డ అన్యావు, అందుకు."

"ఈ పొద్దూ నా బిడ్డవే. నేను పోయి ఆయప్పను పిలుచుకొస్తా. ఈ మాట ఆయప్పకు నువ్వే చెప్పాల, నేను చెప్పను" అని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళాడు. ఇంటికి ఇవ్వని పుస్తకం కాబట్టి ఆ మనిషే రావాలి. ఊళ్ళో కథ చెప్పేవాళ్ళు అతన్ని నేను రప్పించానంటారు. రప్పించింది గ్రంథాలయం నియమం.

వాళ్ళు వచ్చేలోగా, ఇక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి, ఆ మాట అర్థం ఏమిటో చూడాలనిపించింది. అంత పెద్ద నిఘంటువు అక్కడ ఉందని తెలిసి కూడా ఇన్నాళ్ళూ తెరవలేదు. నేను అనుకున్న అర్థం నాకు నచ్చింది, అందుకని. సుబ్బరాయుడు సారు దాన్ని రెండు చేతులతో మోసుకొచ్చాడు. అఫిసినా అంటే పని జరిగే చోటు. తర్వాతి కాలంలో క్రైస్తవ మఠాల్లో మందులు తయారుచేసి నిలవ ఉంచుకునే గది. అఫిసినాలిస్ అంటే ఆ గదికి చెందినది, మందుల అంగట్లో ఎప్పుడూ ఉంచి అమ్మేది. అంతే. పరీక్ష లేదు, పట్టా లేదు. ఎవరో అడవి నుంచి తెచ్చారు, ఎవరో ఒలిచి ఎండబెట్టారు, ఎవరో గదిలో నిలవ పెట్టారు, అడిగినవాళ్ళకు ఇచ్చారు. ఆ పనికి ఆ మాట గుర్తు. దాన్ని మూడుసార్లు చదివాను. మా గడప, జేజి ఉమ్మిన పెరడు, సాంబ్రాణి పొగ, ముక్కు మూసుకున్న ఆ పిల్ల, అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. నేను గొప్ప కోసం ఎక్కడో వెతికిన మాట మా అంగడి గురించే చెబుతోంది.

శివలింగప్ప వచ్చాడు. చేతులు కడుక్కోమంటే నవ్వి కడుక్కున్నాడు. బొమ్మ చూశాడు, తీగె చూశాడు. నేను లేచి నిలబడి చెప్పాను. "గడ్డ సరైనదే. అట్ట తప్పు. రాసింది నేను, తెలిసే రాసినా."

"ఎందుకమ్మా?"

"ఆ మాట గొప్పదనుకున్యా."

"ఏముంది దాంట్లో గొప్ప?" అన్నాడు. నేను నిఘంటువు చూసి తెలుగులో చెప్పాను. ఆయనకూ అప్పటిదాకా తెలియదు. "అయితే అంగడి సరుకు అని అంగట్లో రాసుకున్నావు. దానికింత దూరం మమ్మల్ని తిప్పినావు" అని, జేబులోంచి కాగితం తీసి సరైన పేరు రాసుకున్నాడు. "సరేప్పా దస్తగిరీ, గడ్డ సరే. రేపు లారీ పంపుతా."

"ఆయనకు చెప్పేదేంది? నాకు చెప్పు" అంది ఈదమ్మ.

శివలింగప్ప ఆమె వైపు తిరిగాడు. "గడ్డ సరేనమ్మా. నిన్న అన్న మాట నాది తప్పు" అన్నాడు. మంచి మనిషి. తప్పు ఆయనది కాకపోయినా ఆ మాట ఆయనే ముందు అన్నాడు, నేను కాదు.

ఊరు చేరేసరికి నాయన కథ మార్చేశాడు. అంగట్లో అడిగిన ప్రతివాళ్ళకూ, "పాప పుస్తకం చూపిచ్చింది, ఆయప్ప ఒప్పుకున్యాడు" అని మాత్రం చెప్పాడు. అట్ట సంగతి ఎత్తలేదు. బతికినన్నాళ్ళూ ఎత్తలేదు. ఈదమ్మ కూడా ఎవరితోనూ అనలేదు, సుబ్బరాయుడు సారు అసలే అనడు. ముగ్గురూ మాట్లాడుకోకుండానే నన్ను కాచారు. నేను ఆ కాపుదలలో హాయిగా పెరిగి, నాయన తర్వాత ముప్పై ఏళ్ళు ఆ అంగడి నడిపాను. ఆ ఏడాదిలోనే నలభై ఎనిమిది అట్టలూ తీసేసి, ఒక్కొక్క పేరూ రెండు పుస్తకాల్లో చూసి, జేజి కొరికి "ఊ" అన్నాక తిరిగి రాశాను. కాలేజీ పిల్లలు నోటు పుస్తకాలతో వచ్చి ఆ సొరుగుల ముందు నిలబడి రాసుకునేవాళ్ళు. ఒక అధ్యాపకుడు వచ్చి, ఇవి ఎక్కడ చదివారమ్మా అంటే, నంద్యాల గ్రంథాలయంలో, చేతులు కడుక్కుని చదివాను అన్నాను. ఆ జవాబు ఇప్పటికీ నాకు ఇష్టం.

ఇప్పుడు షబానా ఫోనులో వేలు ఆడించి, నేను నెలల తరబడి వెతికిన సంగతిని నేను కళ్ళజోడు పెట్టుకునేలోగా చూపిస్తుంది. ఉసిరిక పేరు మారిందని అదే చెప్పింది. ఇప్పుడు ఫిల్లాంథస్ ఎంబ్లికా అంటున్నారట, అఫిసినాలిస్ తీసేశారట. ఆ రోజు కొంచెం బాధపడ్డాను, తర్వాత పర్వాలేదనిపించింది. అల్లానికి ఇంకా ఉంది. మూలికలు డబ్బాల్లో, పొడులుగా వస్తున్నాయి, పేర్లు చక్కగా అచ్చువేసి ఉంటాయి, తప్పులుండవు. కొరికి చూడటానికి ఏమీ ఉండదు, పొడిని ఏం కొరుకుతాం. నాకు అప్పటి కాలమే బాగుందని చెప్పాలని లేదు. చదువుకున్న పిల్లలు మా ఇంట్లో ఇప్పుడు నలుగురున్నారు, అప్పుడు సగం చదివిన నేనొక్కదాన్నే. కానీ ఒక మాటను రుచి చూసి, దాన్ని తెచ్చినవాళ్ళ ముఖం చూసి రాయడం నాకు ఆ ఇంట్లోనే అబ్బింది. అది ఏ బడిలో నేర్పుతారో నాకు తెలియదు.

ఆ రోజు నంద్యాల నుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఈదమ్మకు క్షమించమని చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "నోటితో అంటే ఏమొస్తాది. పుస్తకంలో చూసినావు, తీగెను చూడల్యా. వానలు పడినాక రా" అంది. వెళ్ళాను. రుద్రవరం దాటి, ఆమె వెనక, ఆమె అడుగు వేసినచోటే అడుగు వేస్తూ ఒక పూటంతా నడిచాను. ఒక రాళ్ళ వాలు మీద ఆగి చూపించింది. చిన్న చెట్టు మీదికి ఎగబాకిన పిల్లిపీచర నిలువెల్లా పూసి ఉంది. తెల్లటి చిన్న పూలు, గుత్తులు గుత్తులుగా, ఆకు కనబడనంతగా. దగ్గరికి పోతే సన్నటి వాసన. రేసిమోసస్ అంటే గుత్తులు నిండినది అని నేను పుస్తకంలో చదివి వచ్చాను, కానీ అంత నిండుగా ఉంటుందని ఊహించలేదు. దానికి ఉన్న పేరు దానిదే, నేను తగిలించింది అంగడిది. రేసిమోసస్ అర్థం ఈదమ్మకు చెప్పాను. ఆమె పూలను, నన్ను చూసి తల ఊపింది. "ఆ పేరు పెట్టినోడు అడివికొచ్చినోడే" అంది.

చదువు రాకపోయినా నా అట్టలను తడిమి చూసిన మా నాయన దస్తగిరికి, నా మాటలను కొరికి చూడమన్న మా జేజి ఫక్కీరమ్మకు, తాళంచెవి తిప్పి ఆ గదిలోకి రానిచ్చిన సుబ్బరాయుడు సారుకు, ఎక్కడున్నా చల్లగా ఉండాలని కోరుకుంటూ శివలింగప్పకు, కథను పెంచి చెప్పి నన్ను రాయక తప్పని స్థితికి తెచ్చిన షబానాకు, అక్షరాలు సరిచూసిపెట్టిన దాని స్నేహితురాళ్ళు మౌనికకు, అస్మాకు నా కృతజ్ఞతలు. చివరగా రుద్రవరం అవతలి గూడెపు ఈదమ్మకు. ఆ రోజు మా అంగట్లో, నలుగురి ముందు, నువ్వు చేతులు చాపి నిలబడినప్పుడు నేను అనవలసిన మాట ఇది: గడ్డ సరైనదే.